టీచరుకు ఉన్ముఖీకరణ ఎవరు చేస్తారు?

ఈ పక్షం మాకొక ఉత్తరం వచ్చింది. రూళ్ళ కాగితం మీద రెండు వైపులా రాసిన ఉత్తరం. రాసింది డి.ఎడ్. రెండో సంవత్సరం చదువుతున్న మాదిగ పిల్ల. ఊరి పేరు, కాలేజీ పేరు వెయ్యొద్దని కోరింది. వెయ్యడం లేదు. ఆమె ఇంటర్నల్ మార్కులు ఎవరి చేతిలో ఉన్నాయో వాళ్ళ చేతికీ ఈ పత్రిక అందొచ్చు గదా.

సంగతి ఇది. టీచింగ్ ప్రాక్టీసుకు ఆమెను ఒక ప్రాథమిక పాఠశాలకు పంపారు. నాలుగో తరగతి ఇచ్చారు. మొదటి రోజే ఆమె కంట్లో పడింది: మన వాడ పిల్లలు ఆరుగురు వెనక గోడవార కూచున్నారు. అక్కడ కూచోమని ఎవరూ చెప్పలేదు. అడిగితే ‘మేం ఎప్పుడూ ఇక్కడే టీచర్’ అన్నారట. ఆమెకొచ్చిన పాఠం లెక్కల్లో భిన్నాలు. గుండ్రటి రొట్టె బొమ్మ గీసి, నాలుగు ముక్కలకు నాలుగు రంగులేసి, రెండు రాత్రులు కూచుని చార్టు చేసుకుంది. పాఠం మధ్యలో ఒక ముక్క చూపించి, ఇది ఎంత భాగం అని వెనక వరస పిల్లోణ్ణి లేపింది. పరిశీలనకని కుర్చీ వేసుకు కూచున్న బడి సారు అక్కణ్ణుంచే అన్నాడు: ‘వాణ్ణెందుకు లేపుతావమ్మా, టైం దండగ. ముందోళ్ళని అడుగు, పాఠం అయిపోద్ది.’ పిల్లోడు కూచున్నాడు. ఆమె ముందోళ్ళని అడిగింది. వాళ్ళు చెప్పారు. పాఠం అయిపోయింది. పరిశీలన పుస్తకంలో ఆయన ‘బాగుంది’ అని రాసి సంతకం పెట్టాడు.

ఆ మాట చూసి ఏడుపొచ్చిందని రాసింది. ‘ఆయన అన్నాడు సరే, నేనెందుకు ముందోళ్ళని అడిగాను? ఐదో తరగతి దాకా నేనూ ఆ గోడవారనే కూచున్నాను. అమ్మ కూలికి పోయి చదివించింది. ఉద్యోగం వస్తుందని ఈ ట్రైనింగుకు వచ్చాను. ఉద్యోగానికి తప్ప ఇంకెందుకు చదువుతున్నానో నాకే తెలవడం లేదు. మానేద్దామనుకుంటున్నాను. మీరేమంటారు?’

ఇది ఒక్క పిల్ల అడిగిన ప్రశ్న కాదు గనక సంపాదకీయంలో జవాబు రాస్తున్నాం.

ముందు ఉద్యోగం సంగతి. ఉద్యోగం కోసం వచ్చానని ఆమె తప్పు చేసినట్టు రాసింది. అందులో తప్పేముంది చెల్లెమ్మా? ఉపాధ్యాయ వృత్తి పవిత్రమైనదని, గురువు బ్రహ్మ అని, విష్ణువని సభల్లో చెప్పేవాళ్ళు ఒకటో తారీఖు జీతం వదులుకున్నారా? ‘పవిత్రం’ అనే మాట ఎప్పుడూ మనకు పని చెప్పడానికే వాడతారు, జీతం ఇవ్వడానికి వాడరు. మన వాడల్లో ఇంటరైన పిల్లను ఇంజనీరింగు చదివించే తాహతు ఎవరికుంది? రెండేళ్ళ కోర్సు, హాస్టల్లో తిండి, బయటికొస్తే సర్కారు కొలువు వస్తుందన్న ఆశ. ఆ ఆశతోనే మన ఇళ్ళల్లో మొదటి పంతులు, మొదటి పంతులమ్మ తయారయ్యారు. వాళ్ళ మొదటి జీతంతో అమ్మకు కంటి ఆపరేషన్ అయింది, తమ్ముడి ఫీజు తీరింది, గుడిసె మీద రేకులు పడ్డాయి. ఆకలి తీర్చే కారణం చిన్న కారణమని మేం ఎప్పటికీ ఒప్పుకోం. పైగా 2023 ఆగస్టు 11న సుప్రీంకోర్టు ప్రాథమిక తరగతులకు బి.ఎడ్. అర్హత చెల్లదని తీర్పిచ్చింది. ఒకటి నుంచి ఐదు దాకా చెప్పే సెకండరీ గ్రేడ్ పోస్టు ఆమె చదువుతున్న చదువుకే దక్కుతుంది. మానేస్తే ఆ కుర్చీ ఖాళీగా ఉండదు. ఎవరో ఒకరు కూచుంటారు. ‘వాణ్ణెందుకు లేపుతావ్’ అనేవాడే మళ్ళీ కూచోవచ్చు.

కాని ఉద్యోగం ఒక్కదాన్నే పట్టుకుని ఈతకు దిగితే మధ్యలో ఊపిరాడదు. తెలంగాణలో 2017లో టీచర్ల నోటిఫికేషన్ పడింది. తరవాత పెద్దది 2024లో, 11,062 పోస్టులకు. ఆంధ్రప్రదేశ్‌లో 2018 తరవాత పెద్దది 2025 ఏప్రిల్‌లో 16,347 పోస్టులకు పడింది. రెండు చోట్లా ఏడేళ్ళ ఎడం. ఆ ఏడేళ్ళలో ట్రైనింగైన మన పిల్లలు ఏం చేశారో మాకు తెలుసు. తాపీమేస్త్రి దగ్గర ఇటికలు మోశారు, బట్టల కొట్లో నిలబడ్డారు, ప్రైవేటు బడిలో కూలి కంటే తక్కువకు రోజుకు ఏడు పీరియడ్లు చెప్పారు, కోచింగుకు అప్పు చేశారు. పెళ్ళయి పిల్లల్ని ఎత్తుకుని పరీక్ష రాసిన ఆడపిల్లలున్నారు. నోటిఫికేషన్ ఎప్పుడొస్తుందా అని తప్ప ఇంకే ఆలోచనా లేనోళ్ళు ఈ ఏడేళ్ళలో ఎండిపోయారు. సాయంత్రాలు వాడలో పదిమంది పిల్లల్ని కూచోబెట్టుకున్నోళ్ళు మాత్రం ఎండిపోలేదు. మా చుట్టుపక్కల మేం చూసిన సంగతే చెప్తున్నాం.

ఇక ట్రైనింగులో ఏం నేర్పుతారు? పాఠ్య పథకం రాయమంటారు. అందులో మొదటి మెట్టు ఉన్ముఖీకరణ. పాఠం మొదలుపెట్టే ముందు పిల్లల ముఖం పాఠం వైపు తిప్పడం. మంచి మాట. కథ చెప్పో, బొమ్మ చూపించో, ప్రశ్న అడిగో పిల్లల్ని తిప్పాలి. సరే, టీచరు ముఖాన్ని పిల్లల వైపు తిప్పేదెవరు? ఆ మెట్టు ఏ పుస్తకంలో ఉంది? మనస్తత్వశాస్త్రంలో పావ్‌లోవ్ కుక్క ఉంటుంది, థార్న్‌డైక్ పిల్లి ఉంటుంది, కోహ్లర్ చింపాంజీ ఉంటుంది, దానికి సుల్తాన్ అని పేరు కూడా ఉంటుంది. గోడవార కూచున్న మాల మాదిగ పిల్లకు ఆ పుస్తకంలో పేరుందా? కుక్కకు చొంగ ఎప్పుడు కారుతుందో రెండేళ్ళు చదివి, మధ్యాహ్నం గంట కోసం మన పిల్లోడు ఎందుకు చెవులు రిక్కిస్తాడో తెలియకుండా బయటికొస్తే అదేం శిక్షణ? (ఆ కుక్క సంగతి పరీక్షలో తప్పకుండా వస్తుంది, చదువుకోండి. వద్దనడం లేదు.)

ఫూలే, సావిత్రీబాయి పేర్లు ఇప్పుడు పుస్తకాల్లోకి వచ్చాయి. పోరాడితేనే వచ్చాయి. 2025 నుంచి తెలంగాణలో జనవరి 3, సావిత్రీబాయి పుట్టిన రోజు, మహిళా ఉపాధ్యాయ దినోత్సవం కూడా అయింది. సంతోషమే. కాని ఆమె కథను ఎలా చెప్తున్నారు? బడికి పోతుంటే పేడ కొట్టారు, సంచిలో ఇంకో చీర పెట్టుకుపోయింది, అంతే. దండ వేసి దిగిపోతారు. మాకు ఆ కథలో ఇంకో ముక్క కావాలి. సావిత్రీబాయి కూడా ట్రైనీయే. 1831లో పుట్టి, తొమ్మిదేళ్ళకు పెళ్ళయి, అక్షరం ముక్క రాకుండా అత్తగారింటికి వచ్చిన పిల్ల ఆమె. ఇంట్లో జోతిరావు అక్షరాలు నేర్పాడు. తరవాత అహ్మద్‌నగర్‌లో ఫరార్ దొరసాని దగ్గర, పూణేలో మిచెల్ దొరసాని నార్మల్ స్కూల్లో పంతులమ్మ పని నేర్చుకుంది. పద్దెనిమిదేళ్ళు నిండకముందే, 1848లో, పూణే భిడేవాడాలో ఆడపిల్లల బడిలో నిలబడింది. పాఠం ఎట్లా చెప్పాలో దొరసానులు నేర్పారు. ఎవరికి చెప్పాలో మాత్రం ఆమె, జోతిరావు కలిసి తేల్చుకున్నారు. తేల్చుకున్నందుకు 1849లో మామగారి ఇల్లు వదిలి పోవాల్సొచ్చింది.

ఆ చదువు ఏమైందో కూడా చెప్పాలి. వాళ్ళ బడిలో ముక్తాబాయి అనే మాంగు కులం పిల్ల ఉండేది. మాంగు అంటే ఇక్కడి మాదిగల్లాంటి కులం. 1855లో ఆ పిల్ల మాంగులు, మహార్ల దుఃఖం గురించి రాసిన వ్యాసం ‘జ్ఞానోదయ’ పత్రికలో అచ్చయింది. వేదాలు మావే అని బ్రాహ్మలంటున్నారే, మరి మాకు ఏ పుస్తకం ఉంది, మా మతం ఏది అని అడిగింది. నీడ లేక ఎండలో వానలో పురుడు పోసుకునే మన ఆడోళ్ళ గురించి రాసింది. కొద్దికాలం బడికి పోయిన పిల్ల! అది ఏ దొరసాని నేర్పిన పాఠ్య పథకంలోనిదీ కాదు. ఎవరో ఆ పిల్లను లేపి ప్రశ్న అడిగారు. జవాబు వచ్చేదాకా కూచోబెట్టలేదు.

ఇరవై ఏడేళ్ళ తరవాత, 1882లో, ఇంగ్లీషు సర్కారు వేసిన హంటర్ విద్యా కమిషన్‌కు జోతిరావు ఒక వినతిపత్రం ఇచ్చాడు. ట్రైనింగ్ కాలేజీకి పోయే ప్రతి పిల్లా పిల్లోడూ తెలుసుకోవలసిన కాగితం అది. ప్రాథమిక బళ్ళలో పంతుళ్ళంతా దాదాపు బ్రాహ్మలే ఉన్నారు, వాళ్ళు రైతుల పిల్లలతో కలవరు, వాళ్ళ అవసరాలు వీళ్ళకు పట్టవు అన్నాడు. సేద్యం చేసే కులాల నుంచే పంతుళ్ళను తీసుకోండి, అవసరమైతే నాగలి మేడి పట్టడానికి, వడ్రంగి బాడిస పట్టడానికి సిగ్గుపడనోళ్ళు కావాలి అన్నాడు. శిక్షణ పొందిన పంతులుకు నెలకు పన్నెండు రూపాయలకు తక్కువ ఇవ్వొద్దని కూడా అందులోనే రాశాడు. చూశారా, జీతం సంగతి ఆయన మరచిపోలేదు. సేవ అని చెప్పి మొండిచెయ్యి చూపించలేదు. జీతమూ కావాలి, ఆ మనిషీ కావాలి. రెండూ ఒకే కాగితంలో అడిగాడు.

మన నేల మీదా ఈ దారి ఉంది. 1878 జూలైలో ఒంగోలు ప్రాంతంలో ఒక్క రోజునే 2,222 మంది, ఎక్కువమంది మాదిగలు, బాప్తిస్మం తీసుకున్న సంగతి తెలిసిందే. ఆ పల్లెల్లో బళ్ళు నడిపింది ఎవరు? దొరలు ఊరికొకరు లేరు. నాలుగక్షరాలు నేర్చుకుని వచ్చిన మన మాదిగ పంతుళ్ళే తాటాకు పాకల్లో, చెట్ల కింద నడిపారు. హైదరాబాదులో భాగ్యరెడ్డి వర్మ 1910 నుంచి అంటరాని కులాల పిల్లలకు బళ్ళు పెట్టుకుంటూ పోయి ఇరవై ఆరు దాకా తెచ్చాడు. జాషువా మహాకవి అనే ముందు పంతులు, మిషను బడుల్లో పాఠాలు చెప్పినవాడు. మనకు గురుపరంపర లేదని ఎవరన్నా అంటే వినకండి.

ఇప్పుడు మా తప్పు మేం చెప్పుకోవాలి. మా సంపాదకవర్గంలో ఇద్దరం టి.టి.సి. చేసినోళ్ళమే. అందులో ఒకరికి పోస్టింగ్ వచ్చి మండల కేంద్రంలో ఇల్లు వెతుక్కుంటుంటే, ఇంటాయన ‘మీరేంటోళ్ళు?’ అన్నాడు. మనవాడు వేరే కులం పేరు చెప్పి ఇల్లు తీసుకున్నాడు. ఇల్లు దొరికింది గాని, ఆ తరవాత మూడేళ్ళు బడిలో మన వాడ పిల్లలు నమస్కారం పెడితే తల తిప్పుకుపోయాడు. వాళ్ళతో మాట్లాడితే ఎక్కడ బయటపడుతుందోనని! వాళ్ళ అమ్మలు ఏమ్మా, ఏరా అని పిలిచే యాస ఎక్కడ తన నోట్లోంచి వస్తుందోనని! నాగలి పట్టడానికి సిగ్గుపడనోడు కావాలని ఫూలే అడిగాడు. నాగలి పట్టిన ఇంట్లో పుట్టి, చాక్‌పీసు చేతికి రాగానే సిగ్గుపడ్డది మనమే. ఆయన ఇవాళ ఈ పత్రికలో ఈ సంగతి రాయమన్నాడు గనక రాస్తున్నాం. తిట్టాల్సింది అద్దెకు కులం అడిగినవాణ్ణి, అందులో అనుమానం లేదు. కాని ఆ మూడేళ్ళ పిల్లలకు మనం జవాబు చెప్పుకోలేం.

ఇంకో తప్పు కూడా ఉంది. మాల టీచరైనా, మాదిగ టీచరైనా తన వాడ పిల్లల దాకా చూస్తాడు. డక్కలి పిల్ల, చిందు పిల్ల, రెల్లి పిల్ల ఇంకో గోడవార కూచుంటుంది. ఆ గోడను మనం ఎవరి ఖాతాలో రాస్తాం?

మళ్ళీ ఉత్తరానికి వద్దాం. రెండు పేజీలు బాధపడి రాసిన ఆ చెల్లెలు, సంతకం పెట్టాక కింద ఖాళీలో ఇరికించి ఒక మాట రాసింది. మర్నాడు ఇంటర్వల్‌లో ఆ పిల్లోడు కుళాయి దగ్గర ఆమె వెనక వచ్చి నిలబడి, ‘టీచర్, నిన్నటిది పావు గదా’ అన్నాడట.

అమ్మా, నీ ఉత్తరంలో అసలు సంగతి ఇదే. సంతకం కింద పెట్టావు!

ఆ పిల్లోడికి పావు ఎట్లా తెలుసో నీకు తెలుసు, ఆ సారుకు తెలవదు. వాడు రోజూ కొట్టుకు పోయి అరపావు నూనె, పావుకిలో చక్కెర తెస్తాడు. పది రూపాయలిస్తే ఎంత చిల్లర రావాలో దారి పొడుగునా లెక్కేసుకుంటాడు, తక్కువ తెస్తే అమ్మ ఊరుకోదు గనక. వాళ్ళ తాత నాలుగో పాలుకు చేసిన చేను సంగతి వాళ్ళింట్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. పంటలో మూడు భాగాలు ఎవరి గాదెకు పోయాయో, మిగిలిన ఒక్క భాగంలోంచి అప్పు కింద ఎంత కొలుచుకున్నారో, ఆ పిల్లోడికి చెప్పనక్కర్లేదు. పావులో సగం అరపావు, ఎనిమిదో వంతు. కిలో ఎప్పుడూ కొనలేని ఇంటి పిల్లోడికి భిన్నాలు రాకపోతే ఇంకెవరికి వస్తాయి? నువ్వు రెండు రాత్రులు కూచుని రొట్టె బొమ్మ గీశావు. తప్పు లేదు, పుస్తకంలో అదే ఉంది. ఈసారి నూనె సీసా పట్టుకుపో. కొట్టువాడి కొలత డబ్బాలు అడుక్కుని పో. వెనక వరస ముందుకొస్తుంది చూడు.

ట్రైనింగు ఎందుకని అడిగావు. ఆ పిల్లోడి నోట్లో ఉన్న పావును నల్లబల్ల మీద ఒకటి బై నాలుగుగా రాయడం వాడికి రాదు. రాయించడం వచ్చిన మనిషి కావాలి. వాడి మాటా తెలిసి, నల్లబల్ల మాటా తెలిసిన మనిషి ఆ ఊళ్ళో ఆ రోజున నువ్వొక్కదానివే. పాఠ్య పథకం నేర్చుకో, నల్లబల్ల మీద అక్షరం గుండ్రంగా రాయడం నేర్చుకో, బోధనోపకరణాలు చెయ్యడం నేర్చుకో. పనితనం లేని ప్రేమ మన పిల్లలకు అక్కర్లేదు. మన టీచర్లకు పాఠం రాదనే మాట ఎవడన్నా అనడానికి సందివ్వకూడదు.

ఆ సారుతో తరగతి గదిలో పోట్లాడమని మేం చెప్పం. నీ మార్కులు వాళ్ళ దగ్గరున్నాయి, నీ వెనక అమ్మ కూలి ఉంది. దానికి వేరే దారులున్నాయి. గుంపు పని చేయించమని నీ పుస్తకంలోనే ఉంది. ఆ పేరు మీద వరసలు చెడగొట్టు. రోజుకో గుంపు, రోజుకో చోటు, ఆరుగురినీ ఆరు గుంపుల్లో వెయ్యి. ఎవరన్నా అడిగితే కృత్యాధార బోధన అను, నోరు మూసుకుంటారు. చట్టం కూడా నీ పక్కనే ఉంది. 2009 విద్యాహక్కు చట్టం 8వ సెక్షన్ బలహీన వర్గాల పిల్లలపై వివక్ష లేకుండా చూడడం సర్కారు బాధ్యత అంటోంది. 17వ సెక్షన్ కొట్టడాన్నే కాదు, పిల్లల మనసును హింసించడాన్ని కూడా నిషేధించింది. ‘టైం దండగ’ అన్న మాట ఏ కిందికి వస్తుందో అడగాల్సింది నువ్వు కాదు. ఆ ఊరి తల్లిదండ్రులూ, సంఘమూ అడగాలి.

సంఘాలోళ్ళకు కూడా ఒక మాట. అంబేడ్కర్‌ను చిన్నప్పుడు బడిలో వేరే గోనెపట్టా మీద కూచోబెట్టారని, ప్యూను వచ్చి పోస్తే తప్ప నీళ్ళు లేవని ఏప్రిల్ 14న మైకుల్లో చెప్తాం. ఆ రోజు మన ఊరి బడిలో ఎవరు ఎక్కడ కూచుంటున్నారో ఎంతమంది చూసి వచ్చి చెప్తున్నాం? మీ ఊళ్ళో డి.ఎడ్., బి.ఎడ్. చదివే పిల్లలు ఎంతమంది ఉన్నారో లెక్క రాయండి. సెలవులకు ఇంటికొచ్చినప్పుడు వాళ్ళకు కమ్యూనిటీ హాలు తాళం ఇవ్వండి, ఒక బల్బు, ఒక నల్లబల్ల ఇవ్వండి. ప్లెక్సీకి పెట్టే డబ్బులో సగం చాలు. పోస్టింగు వచ్చినోళ్ళకు శాలువా కప్పడం కాదు, ఇల్లు అద్దెకు దొరకనప్పుడు వెంట నిలబడండి. మా వాడికి అప్పుడు ఎవరన్నా వెంట వచ్చి ఉంటే కులం మార్చి చెప్పాల్సిన అవసరం పడేది కాదేమో.

ట్రైనింగులో ఉన్న తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు మా కోరిక: పరిశీలన పుస్తకంలో గడి లేని సంగతులు మాకు రాయండి. మీ తరగతిలో ఎవరు ఎక్కడ కూచున్నారు, ఎవరి పేరు తప్పు పిలిచారు, గోడవార పిల్ల ఏ రోజు ఏ జవాబు చెప్పింది. పేర్లు వెయ్యం. వచ్చే సంచికలో నాలుగు పేజీలు మీకోసం ఖాళీగా ఉంచుతున్నాం. ఈ ఉత్తరం రాసిన చెల్లెలి ప్రాక్టీసు ఇంకా పన్నెండు రోజులుంది. నూనె సీసా పాఠం ఎట్లా జరిగిందో ఆమె రాస్తే మొదటి పేజీ దానికే.